వంకాయ అంటే ఏడు

కీత్లీలో నెలకో శనివారం
చర్చి వెనక హాల్లో
పాడైన వస్తువులకి ఒక బల్ల వేస్తారు.
టీ ఉచితం. బిస్కెట్లు మాత్రం లెక్కపెట్టి పెడతారు.
చివరి కుర్చీలో ఈనిడ్ సగ్డెన్, ఎనభై ఒకటి,
టీవీల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు
సోల్డరు కరిగించిన చేతులు.
పక్కన నేను,
ఇంటర్ ఫిజిక్సులో ముప్పై అయిదుతో గట్టెక్కినదాన్ని,
కప్పులు కడగడానికి వచ్చి
స్క్రూలు ఏరుతూ ఉండిపోయినదాన్ని.

ఈవేళ ఆర్మిటేజ్ రేడియో తెచ్చాడు.
పావురాల గూట్లో పెట్టేది.
అది మోగకపోతే పావురాలు పందెం నుంచి వచ్చి
కప్పు మీదే కూచుంటాయట, లోపలికి దిగవట.
మోగుతోంది, కానీ
వెదురుబొంగులో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద.

ముందు ప్లగ్గు విప్పింది.
"గోధుమరంగు తీగలో వస్తుంది,
నీలం తీగలో వెళ్ళిపోతుంది.
వెళ్ళే దారి లేదని తెలిస్తే
అసలు బయల్దేరదు, అంత పట్టింపు."
ఆకుపచ్చా పసుపూ చారల తీగకి
రోజూ పనేమీ ఉండదు.
ఎప్పుడో వచ్చే ఒక చెడ్డరోజు కోసం
నేలని పట్టుకుని ఉంటుంది.
ఫ్యూజు చేసే గొప్ప పని ఒక్కటే,
అదీ చచ్చిపోతూ.

"ప్లగ్గు తీశాం కదా అని వేలు పెట్టకు."
కెపాసిటర్ మర్చిపోదు.
మాట పడి ఊరుకున్న మనిషిలా
లోపల దాచుకుని
ముట్టుకున్నవాడి మీద తీర్చుకుంటుంది.
దాని రెండు కాళ్ళకీ ఒక రెసిస్టర్ తగిలించి
కోపం మెల్లగా దిగేదాకా ఆగాం.
చూస్తే నెత్తి పూరీలా పొంగి ఉంది.
రొద అక్కడిదే.

డయోడ్ మెడ మీద ఒక గీత:
ఇటు నుంచి రావచ్చు, అటు నుంచి కుదరదు.
ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్ళు,
ఒక కాలి దగ్గర గుసగుసలాడితే
మిగతా రెంటి మధ్యా కేక పుడుతుంది.
ఇంత చిన్న ఊళ్ళో ఇలాంటివాళ్ళు
ఇద్దరు నాకు తెలుసు.

కొత్త కెపాసిటర్ అతికాక
పక్కనే మాడిన రెసిస్టర్ కనబడింది.
ఈనిడ్ డబ్బా తెరిచింది,
వడ్లగింజలంత రెసిస్టర్లు, ఒంటి నిండా గాజులు.
ఒకటి తీసి లైటు కింద తిప్పింది,
కళ్ళజోడు ఎత్తింది, దించింది.
పోయిన నెల గోధుమని ఎరుపనుకుంది.
ఒక్క గాజు తేడా, పదింతలు తప్పు.
ఆ టేప్‌రికార్డర్ పాడకుండానే పొగ వదిలింది.
ఎవరూ ఏమీ అనలేదు.
బిస్కెట్ల పళ్ళెం మాత్రం ఆమె వైపు జరిగింది.

ఇప్పుడు డబ్బా నా వైపు జరిగింది.
"చదువు."
కంగారులో ఇంగ్లీషు రంగులు నోటికి రాలేదు.
"పసుపు," అన్నాను. "వంకాయ.
తర్వాత... చింతపండు."
"అంటే?"
మా వంటింట్లో ఉన్నవన్నీ చెప్పాల్సి వచ్చింది:
సున్నా కాటుక, ఒకటి చింతపండు,
రెండు పండుమిరప, మూడు కనకాంబరం,
నాలుగు పసుపు, అయిదు కరివేపాకు,
ఆరు శంఖుపువ్వు.
కనకాంబరం ఎలా ఉంటుందో చెప్పలేక
ఆర్మిటేజ్ పావురం కాళ్ళు చూపించాను ఫోటోలో.
"నాలుగు, ఏడు, ఒక సున్నా,"
ఆమె వేళ్ళ మీద లెక్కేసింది. "నాలుగువందల డెబ్భై ఓములు. పెట్టు."

నా చెయ్యి వణికింది, ఆమెది వణకలేదు.
అతికిన చోట తడిమెరుపు ఒక్క క్షణం,
తర్వాత మసక.
స్విచ్చి నొక్కితే
తుమ్మెద లేదు. ఎవరో ఆడమనిషి
లీడ్స్ రోడ్డు మీద ట్రాఫిక్ గురించి చెబుతోంది.
ఆర్మిటేజ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

బుధవారం ఫోను. హలో లేదు.
"చేతిలో ఒకటుంది. మొదటిది కాటుక కాదు,
నాకు తెలుసు. మొదట కాటుక ఎవరూ పెట్టరు.
శంఖుపువ్వా, వంకాయా?"
ఫోన్లో రంగు కనబడదు, ఈనిడ్.
"సరే, బస్సెక్కుతున్నా," అంది.
"టీ పెట్టు."